సుబేదారు గారు విప్పని చీటీ

ఢిల్లీ కంటోన్మెంట్,
10 మే 1994

ప్రభువునందు మన చర్చి యూత్ మినిస్టర్ హేమసుందర్ గారికి, సుబేదార్ పాపయ్య నమస్కరించి వ్రాయునది.

ఇక్కడ మేము క్షేమం. క్షేమం కాని విషయం ఒకటుంది. మినిస్టర్ అంటే ఎర్రలైటు కారులో తిరుగుతారనుకున్నాను. మీరు సైకిల్ మీద తిరుగుతారని మా అమ్మాయి మనీష చెప్పింది. సైకిల్ చప్పుడు చేయదు. ఆ సంగతి గుర్తు పెట్టుకున్నాను.

ఈస్టర్ దాటి మీ వేసవి కార్యక్రమాలు మొదలైన దగ్గర్నుంచి మనీషకి ఎవరో ఏవేవో పంపుతున్నారు. మొదట తెగిన చెప్పు తెల్లారేసరికి కుట్టి ఉంది. తర్వాత గుమ్మంలో మల్లెపూల పొట్లం. నిన్న సరోజినీ నగర్ బజారు సంచిలో పసుపు చున్నీ, దానికి పిన్నుతో గుచ్చి "నీకోసం రోజూ జపమాల చెబుతున్నాను" అని హిందీలో కాగితం! జపమాల పేరు చెప్పి చున్నీ పంపేవాణ్ణి నా సర్వీసులో చూడలేదు. "ఎవరే?" అంటే "పతా నహీ పాపా, నాకు తెలీదు" అంటుంది. మీ పిల్లల్లో వాడెవడో రాతపూర్వకంగా తెలియజేయగలరు.

ఇట్లు,
సుబేదార్ పాపయ్య

తా.క.: మొన్నామధ్య పూజ అయ్యాక బుట్ట చాపి నాచేత ఓ చీటీ తీయించారు. గుడిలో లక్కీ డిప్పులు నాకు నచ్చవు. విప్పకుండా యూనిఫాం జేబులో పడేశాను.

జనక్‌పురి,
16 మే

పాపయ్య అంకుల్‌కి హేమసుందర్ నమస్కారాలు.

ఆలస్యానికి మన్నించండి. పొద్దున అరవైమంది పిల్లలకి సత్యోపదేశం క్లాసు, మధ్యాహ్నం వడగాలిలో నాటకం రిహార్సల్, సాయంత్రం పాటల ప్రాక్టీసు. మధ్యలో నీళ్ళ ట్యాంకర్ వస్తే బకెట్ పట్టుకుని నేనూ పరిగెత్తాలి.

ఆ కానుకలు ఎవరు పెడుతున్నారో నాకు తెలుసు, వాళ్ళే వచ్చి చెప్పారు. చాలా మంచి మనిషి. కానీ జూన్ 29, పేతురు పౌలుల పండుగ దాకా పేరు చెప్పకూడదని నియమం. పూజ చివర ప్రకటనల్లో అంతా వివరించాను కదా!

మీ
హేమసుందర్

తా.క.: పండుగనాడు మొదటి పాట మనీషదే. ఎంత బాగా పాడుతోందో!

ఢిల్లీ కంటోన్మెంట్,
3 జూన్

హేమసుందర్ గారికి (ఈసారి నమస్కారం లేదు),

ప్రకటనలప్పుడు నేను బయట స్కూటర్‌కి కాపలా ఉంటానని గుడి అంతటికీ తెలుసు. మీకు పేరు తెలుసు, చెప్పరు. అంటే ఇందులో మీరూ ఉన్నారు.

వారం రోజులు పొద్దున్నే ఐదింటి నుంచి గుమ్మం బయట కుర్చీ వేసుకుని కాపలా కాశాను. చీమ కూడా లోపలికి పోలేదు. లోపలికెళ్ళి చూస్తే మనీష పుస్తకాల మీద, ఇక్కడివాళ్ళు సఫేదా అనే మన బంగినపల్లి పళ్ళు రెండు! పక్కన నాకో గ్లాసు మజ్జిగ కూడా. శత్రువు నాకే మజ్జిగ పోస్తున్నాడు! మా ఆవిడ కోటమ్మ చెంగు నోట్లో కుక్కుకుని నవ్వుతోంది. ఆమెకి పరిస్థితి తీవ్రత అర్థం కావడం లేదు.

మీరు పెళ్ళికానివారు. మీ సైకిల్ చప్పుడు చేయదు. ఇంతకంటే రాయను.

జూన్ 20న గుంటూరు వెళ్ళే బండికి మనీషకి టికెట్ తీశాను. ఇక మా అక్క దగ్గరే ఉంటుంది, అక్కడే చదువుతుంది. పాటా లేదు, పండుగా లేదు. పిల్ల రెండు రోజులుగా అన్నం ముట్టడం లేదు. నకలు ఫాదర్ గారికి పంపాను.

సుబేదార్ పాపయ్య

తా.క.: మజ్జిగ బాగుంది. అయినా అనుమానం అనుమానమే.

జనక్‌పురి,
9 జూన్

అంకుల్,

నాలుగు రోజులు జ్వరంతో పడుకుని ఇవాళే లేచాను. నకలు చదివి ఫాదర్ గారు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. మనీష పాట ఆగిపోకూడదు, అందుకే నియమం తప్పుతున్నాను.

ఏటా వేసవిలో మన యువజన సంఘంలో ఓ ఆచారం ఉంది. అందరి పేర్లూ బుట్టలో వేస్తాం. మన చీటీలో ఎవరి పేరు వస్తే వాళ్ళకి రహస్య దూతగా ఉండాలి. తెలియకుండా మేలు చేయాలి, వాళ్ళకోసం ప్రార్థించాలి. పండుగనాడు బయటపడాలి. ఈ ఏడు తల్లిదండ్రుల్ని కూడా కలిపాను.

మనీష పేరు కోటమ్మ ఆంటీకి వచ్చింది. హిందీ కాగితం పక్క క్వార్టర్ దీదీ రాసిపెట్టింది. మీరు గుమ్మం బయట కాపలా కాశారు, దొంగ వంటింట్లో ఉంది.

మీ
హేమసుందర్

తా.క.: బుట్టలో నా పేరు కూడా ఉంది. ఎవరికి వచ్చిందో తెలియదు. జ్వరంలో మేడమీది గదిలో ఒక్కణ్ణే పడుకుని, మెట్ల మీద ఏ అడుగు వినిపించినా నా దూతేనేమో అని లేచి కూర్చునేవాణ్ణి. ఎవరూ రాలేదు. ఈ ఊళ్ళో నాకు ఉత్తరాలు రాసేది మీరొక్కరే. మీ జేబులో చీటీ ఒకసారి చూడండి అంకుల్. అందులో ఉన్నవాళ్ళెవరో, పాపం, వాళ్ళూ ఎదురుచూస్తుంటారు.

ఢిల్లీ కంటోన్మెంట్,
13 జూన్

బాబు హేమసుందర్‌కి పాపయ్య ఆశీస్సులు.

టికెట్ రద్దు చేయించాను. మనీష అన్నం తింది, వెంటనే పాట అందుకుంది. వంటింటి దొంగకి సెల్యూట్ కొట్టాను. ఫాదర్ గారికి క్షమాపణ కూడా రాతపూర్వకంగానే పంపాను.

చీటీ సంగతి. యూనిఫాం రెండుసార్లు చాకలికి వెళ్ళొచ్చింది. బాల్‌పెన్ను రాత కాబట్టి పోలేదు. విప్పి చదివాను. ఇన్నాళ్ళూ ఆ మనిషికి అనుమానం తప్ప నేనేమీ పంపలేదు. సిగ్గుగా ఉంది బాబూ. పేరు మాత్రం అడగకు. జూన్ 29 దాకా చెప్పకూడదు. నియమం నియమమే.

రేపటి నుంచి పొద్దున్నే మీ మెట్ల మీద బూట్ల చప్పుడు వినిపిస్తే లేవకు, జ్వరం పడ్డ ఒళ్ళు. మీసాలాయన ఎవరో వచ్చి క్యారియర్ పెట్టి పోతున్నాడని మీ ఇంటాయన చెబితే అనుమానించకు. అనుమానం ఒంటికి మంచిది కాదు.

ఇట్లు,
పాపయ్య

తా.క.: క్యారియర్ కడిగి గుమ్మం బయట పెట్టు. మూత మీద కొట్టించిన పేరు మాత్రం పండుగ దాకా చదవకు.