ఉంగరానికి కొలత

ప్రియమైన అమ్మగారికి,

మీ కుమారుడు హామో నమస్కరించి రాస్తున్నాను. నాన్నగారు పోయి ఏడాది దాటింది. వితంతువైన మిమ్మల్ని పెళ్లాడే హక్కును రాజుగారు సర్ డ్రోగోకు ఇచ్చేశారు. మిఖాయేలు దూత పండుగకు ఆయన అక్కడికి వస్తాడు. నేను సరేనన్నాను. కాదంటే ఆస్థానంలో నాకు చోటు ఉండదు. మీ వాటాకు వచ్చిన మూడోవంతు భూమి, నీటిమర ఇక ఆయనే చూసుకుంటాడు. మీకూ విశ్రాంతి. ఉంగరం చేయించాలట, వేలి కొలతకు దారం పంపండి.

మీ విధేయుడు,
హామో

*

నాయనా హామో,

బార్లీ కోతల దగ్గర ఉండగా నీ ఉత్తరం అందింది. ఫాదరు గట్టిగా చదివాడు, అందరూ విన్నారు.

పెత్తనం చూసే గాడ్విన్ ఊరుకుంటాడా? "దొరసానమ్మా, ఆ దొరకి రెండే పళ్లున్నాయంట గదా!" అన్నాడు.

"నా భూమి నమలడానికి అవి చాలులేరా" అన్నాను.

ఎద్దును అమ్మినా ముందు సంతకు తోలుకెళ్లి చూపిస్తారు. నాకు ఆపాటి మర్యాద కూడా దక్కలేదు. మీ నాన్న యుద్ధాల్లో ఉన్న పదకొండేళ్లూ ఆ మర నడిపించింది నేను. నాకు విశ్రాంతి కావాలని నీకెవరు చెప్పారు?

దారం పంపను. ఉంగరం ఇక్కడే చేయిస్తున్నాను. గోధుమరంగు ముతక అంగీ కూడా కుట్టిస్తున్నాను. వీలైతే పండుగకు ముందే రా.

మీ అమ్మ,
ఇడోనియా

*

ప్రియమైన అమ్మగారికి,

కోపంగా రాసినా చివరికి ఒప్పుకున్నారు, సంతోషం. ఉంగరం మీరే చేయిస్తున్నారని చెబితే డ్రోగో పగలబడి నవ్వాడు. "మీ అమ్మకి నాకంటే తొందరగా ఉందయ్యా!" అన్నాడు. పెళ్లికి ఆ ముతక గుడ్డేమిటని ఎర్రపట్టు పంపుతున్నాడు. నాకు రావడానికి వీలుపడదు.

మీ హామో

*

నాయనా హామో,

పట్టు అందింది. చర్చిలో బలిపీఠం మీద పరిపించాను. రంగు బాగుంది.

పోయిన ఆదివారం బిషప్‌గారు వచ్చారు. ఊరందరి ముందు మోకరించి, చచ్చేదాకా మళ్లీ పెళ్లాడనని దేవుడికి మాట ఇచ్చాను. ఆయన ఉంగరాన్ని దీవించి నా వేలికి తొడిగారు, అంగీ నా భుజాల మీద కప్పారు. మఠానికి పోనక్కరలేదు, భూమి వదలనక్కరలేదు. ఈ ఉంగరం తొడుక్కున్న వితంతువును రాజుగారు కూడా ఎవరికీ ఇవ్వలేరు. మీ అమ్మమ్మ వేలికి ఉన్నదీ ఇలాంటిదే. పసితనంలో దాన్ని తిప్పుతూ ఆమె ఒళ్లోనే నిద్రపోయేవాడివి. నీకు గుర్తొస్తుందనుకున్నాను.

నిన్న డ్రోగో వచ్చాడు. నా చెయ్యి చూసి, "ఉంగరం నా కోసమన్నారే!" అని అరిచాడు.

"మీకంటే ముందు దేవుడొచ్చాడు దొరా" అన్నాడు గాడ్విన్.

దారిలో తాగమని సారా ఇప్పించి గేటు వేయించాను.

ఆస్థానంలో నీ చోటు పోతే పోనీ, ఇంటికి రా. మర దగ్గర మనిషి కావాలి. వచ్చేటప్పుడు దారం మాత్రం నువ్వే తీసుకురా. గోనెసంచులు కుట్టాలి.

మీ అమ్మ,
ఇడోనియా