నాలుగు టేబుళ్ళ అల్లుడు

అరకులోయ,
జూన్ 12, 2006

కామేష్ అల్లుడికి, సోంబరు మావ రాసేది.

మేం బాగానే ఉన్నాం. మేక కుంటుతోంది.

ఫల్గుణ రోడ్డు పక్కన హోటలు పెట్టాడు. గుహలు చూసి వచ్చే టూరిస్టుల కోసం. అతని కూతురు సోని నీకు తెలుసు. ఎంత తెలుసో నాకు తెలియదు, నేను అడగను. నిన్న నన్ను పిలిచి, "మీ మేనల్లుడు పట్నంలో ఏటి సేత్తన్నాడు?" అన్నాడు. అల్లుడంటూ వస్తే హోటలు పని తెలిసినవాడే రావాలట. లేకపోతే వానలు తగ్గాక పాడేరు సంబంధం ఖాయం చేసుకుంటాడట. ఆ గుంటడికి టిఫిన్ కొట్టుంది.

నాకే ఒక ఆడగుంట ఉంటే నీకిచ్చి ఊరుకునేవాణ్ణి. లేదు. ఏం పని చేస్తున్నావో రాయి.

ఇంతే.
సోంబరు

తా.క. సోని ఏమీ అడగలేదు. టీ మాత్రం రెండుసార్లు ఇచ్చింది. ఆ ఇంట్లో నాకు ఒకసారి కూడా ఇచ్చేవారు కాదు.


విశాఖపట్నం,
జూన్ 20

మావకు కామేష్ దండాలు.

మేకకు పసుపు రాయండి. నేను వరహాలరావు గారి నెట్ సెంటర్లో చేరాను. పొద్దున్న తాళం తీయాలి, రాత్రి ఊడ్చి మూయాలి. మధ్యలో ఖాళీ. ఆ ఖాళీలో పోకర్ నేర్చుకుంటున్నాను. ఇక్కడ ఇప్పుడిప్పుడే వస్తోంది. కొత్తవాళ్ళు ఒక్క టేబులుతో మొదలుపెట్టాలంటారు. నేను మొదటి వారమే నాలుగు టేబుళ్ళు ఒకేసారి పట్టాను మావా! ఒక్కో టేబులు దగ్గర తొమ్మిది మంది. ఒకటి చూసేలోపు ఇంకోటి పిలుస్తుంది. బుర్ర గోక్కోవడానికి చెయ్యి ఖాళీ ఉండదు. ఒక్కోసారి ఈ టేబులుకు వేయాల్సింది ఆ టేబులుకు వేసేస్తాను.

డబ్బుల్లేవు, చిప్స్ మాత్రమే. నిన్నటికి ముప్పై వేల చిప్స్ అయ్యాయి.

సోనిని అడిగానని చెప్పండి. పాడేరు గుంటడి సంగతి నాకెందుకు రాశారు? రెండు రోజులుగా అన్నం సయించడం లేదు.

మీ కామేష్

తా.క. వచ్చిన ప్రతిదానికీ చెయ్యి పెట్టకూడదట. ఎక్కువసార్లు మడిచేయడమే అసలు పని అంటున్నారు. నాకింకా మడవడం చేతకావడం లేదు.


అరకులోయ,
జూన్ 29

అల్లుడూ,

ఉత్తరం అందింది. ఫల్గుణ ఇంట్లోనే చదివాను, అతనూ విన్నాడు. "నాలుగు టేబుళ్ళు ఒక్కడేనా?" అన్నాడు. ఒక్కడే అన్నాను. అతను వేళ్ళు మడిచి లెక్కపెట్టాడు. తన హోటల్లో రెండు టేబుళ్ళకు ముగ్గురున్నారు, అయినా సాంబారు చల్లారిపోతోంది.

పోకర్ అన్న మాట మాకు తెలియలేదు. పకోడీ అయి ఉంటుందని ఫల్గుణ అన్నాడు. నీ రాత చిన్నప్పటి నుంచీ అంతే. మడిచే బల్లలు మంచివేనట, తనూ అవే కొంటానన్నాడు. జీతం బదులు చిప్స్ ఇవ్వడం మాత్రం అతనికి నచ్చలేదు. నాకూ నచ్చలేదు. అన్ని చిప్స్ ఎవరు తింటారు?

నిన్న హోటలు వాకిట్లో పేకాడుతున్న నలుగురిని ఫల్గుణ కర్ర పట్టుకుని వంతెన దాకా తరిమాడు. పేక ముట్టినవాణ్ణి గడప తొక్కనివ్వనన్నాడు. మంచి సంబంధమే అనిపించింది.

ఉంటాను.
సోంబరు

తా.క. చిప్స్ ఒక బస్తా పంపు. మేక తింటుందేమో.


విశాఖపట్నం,
జూలై 7

మావకు దండాలు.

కొంప మునిగింది. మావా, అది హోటలు కాదు. ఏమిటో ఉత్తరంలో రాయలేను, మీరు ఆయన ఎదురుగా చదువుతున్నారు. దయచేసి ఇది ఒక్కరే చదవండి.

అవి తినే చిప్స్ కావు. కంటికి కనిపిస్తాయి, చేతికి రావు. ఆ ముప్పై వేలలో ఇరవై వేలు పోయాయి కూడా. నాలాంటి కొత్తవాణ్ణి ఇక్కడ ఫిష్ అంటారు. చేప దొరికిందంటే టేబులు చుట్టూ ఉన్నవాళ్ళంతా దాన్నే తింటారు. నిన్న మూడో టేబుల్లో ఫ్లష్ వచ్చింది, సంతోషించేలోపు నాలుగో టేబులు పిలిచింది. అటు తిరిగాను, ఇక్కడ టైము అయిపోయింది. చివరికి నాలుగు టేబుళ్ళలోనూ ఆఖరున వచ్చే రివర్‌లో మునిగిపోయాను.

ఎలాగోలా అర్థం చేసుకోండి. హోటలు కాదు అన్న ఒక్క ముక్క ఆయన చెవిన మెల్లగా వేయండి.

మీ కామేష్

తా.క. మెల్లగా అంటే, ఆయన చేతిలో కర్ర లేనప్పుడు.


అరకులోయ,
జూలై 15

అల్లుడూ,

ఒక్కణ్ణే చదువుదామనుకున్నాను. కళ్ళజోడు ఫల్గుణ ఇంట్లో మరిచిపోయాను. అక్కడే చదివాను.

హోటలు కాదని చెప్పాను. "అయితే రెస్టారెంటు!" అన్నాడు. ఇంకా సంతోషించాడు. చిప్స్ అద్దాల బీరువాలో ఉంటాయని తనే చెప్పాడు. చేపలున్నాయని విని పాడేరు వాళ్ళకు కబురు పంపడం ఆపాడు. ఫ్లష్ మూడో టేబులు దగ్గరే ఎందుకు పెట్టారో తెలియలేదు. తను హోటలు వెనక పెట్టిస్తానన్నాడు.

నువ్వు నదిలో మునిగావని విని సోని లోపలికి వెళ్ళిపోయింది. ఈత వచ్చని చెప్పాను. టేబుళ్ళతో సహా ఎలా మునిగావు? రెస్టారెంటు మరీ ఒడ్డున కట్టారా?

గురువారం కిరండోలు రైల్లో ఫల్గుణ అక్కడికి వస్తున్నాడు. నీ పని కళ్ళారా చూస్తాడట. నేను వద్దనలేదు. నాకు వద్దనడం రాదు.

సోంబరు

తా.క. భోజనం అక్కడే చేస్తానన్నాడు. చేప ముక్క పెద్దది వేయించు.


విశాఖపట్నం,
జూలై 21

మావకు,

వచ్చారు. అయిపోయింది.

అందరూ కంప్యూటర్ల ముందు కూర్చుని ఉన్నారు. ఆయన చేతులు కడుక్కుని వచ్చి నా వెనక కుర్చీలో కూర్చున్నారు.

"టేబుళ్ళేవిరా, గుంటడా?"

తెర చూపించాను. నాలుగు పచ్చటి బల్లలు. "ఇవే బాబూ."

"మరి మనుసులేరీ?"

"ఎవరి ఊళ్ళో వాళ్ళున్నారు బాబూ."

"తిండేటి తింతారు?"

"ఎవరింట్లో వాళ్ళే తింటారు."

ఆయన తెర దగ్గరికి ముఖం పెట్టి చూశారు. "ఇయి పేకలు కావేటి?"

ఆ ప్రశ్నకు నా దగ్గర అబద్ధం లేదు మావా. ఉంటే చెప్పేవాణ్ణి. "పేకలే" అన్నాను.

కర్ర తేలేదు, అదొక్కటే అదృష్టం. లేచి వెళ్ళి కౌంటరు దగ్గర వరహాలరావు గారి పక్కన కూర్చున్నారు. మధ్యాహ్నం దాకా వచ్చేవాళ్ళనీ పోయేవాళ్ళనీ చూశారు. వరహాలరావు గారిని ఏవేవో అడిగారు. భోజనం కూడా చేయకుండా రైలెక్కారు.

పాడేరు అబ్బాయి మంచివాడే అయి ఉంటాడు. ఆ మాట సోనితో మీరు చెప్పండి, నా చేత కాదు.

కామేష్

తా.క. ఆయన ప్రశ్నలకు జవాబు చెబుతుంటే నాలుగు టేబుళ్ళూ నన్ను లేపేశాయి. ఇప్పుడు ఒక్క చిప్ కూడా లేదు. మేకకు చెప్పండి.


అరకులోయ,
జూలై 30

అల్లుడూ,

భయపడకు. కూర్చుని చదువు.

ఫల్గుణ రైలు దిగి నేరుగా నా దగ్గరికే వచ్చాడు. చెప్పులు విడిచి అరుగు మీద కూర్చున్నాడు. నేను అడగలేదు. తర్వాత తనే అన్నాడు.

"సోంబరూ, ఏటి హోటలది! వంట నేదు, కట్టెలు నేవు, అంట్లు నేవు. వచ్చినోడు ఉప్పెక్కువైందని తిట్టడు. ఊరికే కూకుంటాడు, కూకున్నందుకు గంటకింతని ఇచ్చి పోతాడు. మల్లీ బేగి వత్తాడు! నాను ఇన్నాళ్ళూ పప్పు రుబ్బి సచ్చాను."

పేకల సంగతి ఏమిటని మెల్లగా అడిగాను. కర్ర దూరంగా ఉంది.

"నాను తరిమినోళ్ళు ఒక్క టీ తాగకుండా పొద్దత్తమానం కూకునే రకం. ఈళ్ళు కూకున్నందుకు ఇత్తన్నారు. ఇద్దరూ ఒకటేనా?" అన్నాడు.

అంతే. వంటవాణ్ణి పంపేశాడు. పెద్ద గిన్నెలు అమ్మకానికి పెట్టాడు. ఇక్కడా కంప్యూటర్లు పెడతాడట, నాలుగు ఒకేసారి చూడగల అల్లుడే కావాలట. పాడేరు వాళ్ళకు వద్దని చెప్పేశాడు. వానలు తగ్గాక పెళ్ళి.

సోనిని నేనే అడిగాను. ఆడపిల్లను అలా అడగడం నాకిదే మొదలు, గేదెను చూస్తూ అడిగాను. "సరే గానీ మావా, నాలుగు టేబుళ్ళు సూసినోడు ఇంట్లో ఒక మనిసిని సూడగలడేటి?" అంది. దానికి జవాబు నన్ను చెప్పమంది. నాకు తెలియదన్నాను. నువ్వే వచ్చి చెప్పు, నీ రాత ఎవరికీ అర్థం కాదు.

బేగి రా.
సోంబరు

తా.క. ఆ కంప్యూటర్లకు కావలసిన తీగ ఇక్కడికి రావడానికి ఇంకా ఏడాది పడుతుందట. కూర్చోవడానికి తీగ ఎందుకని ఫల్గుణ అప్పుడే తెరిచేశాడు. బయట "ఇక్కడ భోజనం లేదు" అని బోర్డు పెట్టాడు. నిన్న టూరిస్టు బస్సు ఆగింది. మరి ఏముందో చూద్దామని అందరూ దిగారు. గంటసేపు కూర్చుని డబ్బులిచ్చి వెళ్ళారు.