ధూపద మొక్క

ఏప్రిల్ 19, 2025. ఉదయం

వటేరియా ఇండికా. కన్నడంలో ధూపద మర, అంటే ధూపం చెట్టు. పశ్చిమ కనుమల తడి అడవుల్లో ఆకాశమంత ఎత్తు పెరుగుతుంది. బెరడుకు గాటు పడితే రెసిన్, ఒక రకం జిగురు, కారుతుంది. గడ్డకట్టాక ధూపం వేసుకుంటారు. ఆకు పొడవు, మందం. పెటియోల్, అంటే తొడిమ, ఆకు దగ్గర కాస్త ఉబ్బి ఉంటుంది. విత్తనం దాచడానికి పనికిరాదు. ఎండితే చస్తుంది.

ఇది ఆదోనిలో, మా పెరట్లో, తొట్టిలో, నా మోకాలెత్తు ఉంది. ఇక్కడి ఎండలకు బతికి ఉండకూడదు.

నా చెల్లెలు ఫిర్దోస్ కర్ణాటకలో ఆగుంబె దగ్గర ఈ చెట్ల మీద రీసెర్చ్ చేసేది. మూడేళ్ల కిందట బక్రీదుకు వచ్చినప్పుడు మొలకను తడిగుడ్డలో చుట్టి తెచ్చి అమ్మకిచ్చింది. తిరిగి వెళ్లిన వారానికే వాగు దాటబోయి కొట్టుకుపోయింది. దొరకలేదు.

నేను ఇంటర్ పిల్లలకు బాటనీ చెబుతాను. ఈ మొక్కంటే నాకు భయం.

ఏప్రిల్ 23

కొత్త ఆకులు. ఎర్రగా, వాడినట్టు వేలాడుతున్నాయి. లేతాకులు అంతేనని, తర్వాత పచ్చబడి నిలబడతాయని అమ్మకు చెప్పాను. వినలేదు. "ఎర్ర సీర కట్టుకోని వచ్చింది సూడు, తల వంచుకోని నిలబడింది" అంది.

మళ్లీ చూశాను. చూడకుండా ఉండాల్సింది.

మే 2

ఫిర్దోస్ పేరున జనాజా నమాజు చదివే సంగతి నాయన ఎత్తాడు. శవం దొరక్కపోయినా చదవొచ్చని ఇమాం సాబ్ అన్నాడట. అమ్మ పళ్లెం తోసేసింది. "ఇంట్లో ఉండేదానికి నమాజేంది?"

మే 11

కొళాయి ఈరోజూ రాలేదు.

మే 12

అమ్మ వంటింట్లో పడిపోయింది. ఒంట్లో నీళ్లే లేవంది డాక్టరమ్మ. సెలైన్ ఎక్కించారు. తాగమని ఇచ్చిన నీళ్లన్నీ తొట్టిలో పోస్తోందని అప్పుడు తెలిసింది. "దానికి దప్పిక, సబా. వానల్లో తిరిగిన పిల్ల" అంది.

మొక్క గురించా, చెల్లి గురించా అని నేను అడగలేదు.

ఇంటికి రాగానే నాయన గడ్డపార పట్టుకుని పెరట్లోకి పోయాడు. వెనకే పరిగెత్తాను. గడ్డపార గోడకు ఆనించి, కండువాతో ఆకుల మీది దుమ్ము తుడుస్తున్నాడు.

మే 13

ఎవరూ లేనప్పుడు దాని దగ్గర నిలబడి "ఫిర్దోస్" అని పిలిచాను. గాలి లేదు. ఒక్క ఆకు కదిలింది. బల్లి అయి ఉంటుంది.

మే 20

ఆకు అంచులు మాడుతున్నాయి. వాన ఉన్న చోటికి తీసుకుపోదామన్నాను. బిడ్డను మింగిన చోటికా అని అమ్మ అరిచింది. నాకూ ఏడుపొచ్చింది. "ఈడుంటే నీ కండ్ల ముందరే ఇంకోసారి సస్తాదమ్మా" అన్నాను.

సాయంత్రం అమ్మే వచ్చి, ఆడ వానలు ఎప్పుడు పడతాయని అడిగింది.

జూన్ 14. ఆగుంబె

బళ్లారి, శివమొగ్గ మీదుగా వచ్చాం. దారంతా మొక్క నాయన ఒళ్లోనే. ఫిర్దోస్‌తో పనిచేసిన మంజునాథ్ అనుమతి తీసుకుని ఉంచాడు. వాగు పక్కన మెరక మీద గుంత తీశాడు. చుట్టూ ధూపద చెట్లే, తలెత్తితే కొసలు కనబడలేదు.

అమ్మ ఎవరినీ ముట్టనివ్వలేదు. మట్టంతా తనే చేతులతో కప్పింది. లేచి వాగు వైపు తిరిగి, వీధి అవతలి మనిషిని కేకేసినట్టు అంది: "ఫిర్దోసూ! మేం పోతాండాం. నువ్వు ఈడనే ఉండు బిడ్డా."

నాయన వానలోనే జనాజా నమాజుకు నిలబడ్డాడు. అమ్మ ఆయన వెనక నిలబడింది.

జూన్ 17. ఆదోని

పొద్దున్నే అమ్మ వీధి తలుపు తీసింది. ఎవరో బయటికి పోతుంటే దారి ఇచ్చినట్టు పక్కకు జరిగింది. కాసేపాగి, మూసింది.