లోపలే ఉన్నవాణ్ణి లోపలికి పంపమని

నదీలోయ అభయారణ్యం అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: ఇదివరకే లోపల ఉన్నట్టు నమోదైన వ్యక్తిని లోపలికి అనుమతించుట గురించి.

1. నేను లిఫ్టు మెకానిక్‌ను. గత ఆదివారం, మా అక్క చూసిన సంబంధం తాలూకు అమ్మాయితో కలిసి తమ లోయను సందర్శించితిని. ఆమె రక్తపరీక్షల ల్యాబులో ఉద్యోగిని. పై గేటు రిజిస్టరులో ఇద్దరమూ సంతకాలు చేసితిమి.

2. చెట్ల నీడ, నది హోరు, రాళ్ళ మీద నాచు, వీటిపై నాకెట్టి ఫిర్యాదూ లేదు. ఫిర్యాదు వేలాడే వంతెన మీద. అది ఊగును. నేను పన్నెండో అంతస్తులో పనిచేయువాడనే గానీ, అక్కడ కాలికింద నేల ఊగదు. నాలుగడుగులు వేసి వెనక్కి వచ్చేసితిని. ఆమె నవ్వుతూ దాటేసి, "వచ్చే ఆదివారం ఇటు దాటి రండి, నా జవాబు ఇక్కడే చెప్తా!" అని హోరులో మూడుసార్లు కేకవేసి, కింది గేటు గుండా ఇంటికి పోయినది.

3. నేను పై గేటు నుండే బయటపడితిని. కాపలాదారు టీకి వెళ్ళి ఉండెను. బయటికి వెళ్ళినట్టు సంతకం కింది గేటులోనే చేయవలెనట, నాకు తెలియదు. మొన్న బుధవారం వంతెన అలవాటు చేసుకుందామని వెళ్ళగా కాపలాదారు రిజిస్టరు తిరగేసి, "మీరు లోపలే ఉన్నారు కదండీ, మళ్ళీ ఎలా వెళ్తారు?" అన్నాడు.

"నీ ఎదురుగా నిలబడ్డాను కదయ్యా!"

"నాకు కనబడుతున్నారు సార్. రిజిస్టరుకి కనబడాలిగా."

కింది గేటువారేమో, లోపలి నుంచి నడిచి వస్తేనే సంతకం పెట్టనిస్తామన్నారు.

4. ఈ సంగతి చెప్పగా మా అక్క, "పిల్ల నచ్చకపోతే నచ్చలేదని చెప్పు, అడవి మీదికి నెట్టకు" అని కోప్పడినది. నచ్చింది అయ్యా. చాలా నచ్చింది. అర్జీలో రాయదగిన మాట కాదని తెలుసు, కానీ చెప్పుకోవడానికి నాకు వేరే అధికారి లేరు.

వర్షాల దృష్ట్యా సోమవారం నుంచి వంతెన మూసివేయబడునని తమ బోర్డు చెప్పుచున్నది. కావున నన్ను కాగితం మీద బయటికి పంపి, ఎల్లుండి ఆదివారం నిజంగా లోపలికి పంపవలసినదిగా కోరుచున్నాను. చిత్తగించవలెను.

ఇట్లు,
ఇంటి దగ్గర కూర్చుని ఉండియు లోయలోనే ఉన్న
తమ విధేయుడు,
లిఫ్టు మెకానిక్

తా.క.: సార్, ఆమె ఇప్పుడే ఫోన్ చేసింది. ఆదివారం తను కింది గేటు నుంచి వచ్చి వంతెన మధ్యలో నిలబడుతుందట. అంచేత సగం వంతెనకి అనుమతి ఇచ్చినా చాలు.