స్పిరిట్, పౌడర్

మంగళవారం రాత్రి

పడుకుంటే నిద్ర రావడం లేదు. ఇవాళ వార్డులో నర్సింగ్ చదివే పిల్లలకు పడక పుండ్ల పాఠం చెప్పాను. రోగిని రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి, ఎర్రబడిన చోట అసలు రుద్దకూడదు అన్నాను. మా చదువులో ఇదే పాఠం తలకిందులుగా ఉండేది. స్పిరిట్ రాసి, గట్టిగా రుద్ది, పౌడర్ చల్లాలి. ఆ పరీక్షలో నాకే ఎక్కువ మార్కులు.

పక్షవాతంతో ఉన్న తన తల్లి మంచం దగ్గర్నుంచి పెద్దవంగర ఊరి యాకమ్మ లేచి వచ్చింది. చేతిలో పౌడర్ డబ్బా.

“రుద్దొద్దా అక్కా? మా బాపు మంచంల పడ్డప్పుడు నువ్వే గద నా చెయ్యి పట్టుకొని నేర్పినవ్? ఎర్రగైతుంటే ఇంకింత రుద్దిన.”

“అప్పుడు మాకు గట్లనే నేర్పిన్రు యాకమ్మా.”

“మరి బాపు పుండు...” అని ఆగిపోయింది. కోప్పడినా బాగుండేది. వాళ్లమ్మను తిప్పే వేళైందని నేను మాట మార్చాను.

నేను పనిచేసిన మరిపెడలో, ఘనపూర్‌లో ఇంకా ఎన్ని ఇళ్లలో నా మాట నమ్మి రుద్దుతున్నారో. వాళ్లకు ఎవరు చెబుతారు?

ఇద్దరం కలిసి ముసలామెను ఎడమ పక్కకు తిప్పి, వీపు వెనక దిండు పెట్టాం. అంతసేపూ కింద ఉన్న కుడి తుంటి ఎర్రగా కందిపోయి ఉంది. నా అరచెయ్యి దానంతటదే అక్కడికి పోయి రుద్దబోయింది.

యాకమ్మే నా చెయ్యి పట్టుకొని ఆపింది.