నాన్న మిషనుకు రెండో బ్యాటరీ

ఆసుపత్రిలో పెద్ద నర్సు, ఇంట్లో అంతకంటే పెద్ద నర్సు అయిన అమ్మ పాదాలకు ఏకైక సుపుత్రుడు దణ్ణం పెట్టి మనవి చేసుకునేది: ఇక్కడ నేను క్షేమం, నాన్న క్షేమం, పిల్లి మా ఇద్దరికంటే క్షేమం. అంత దూరం బదిలీ చేసినా కొత్త వార్డువాళ్ళు మంచివాళ్ళే అని రాశావు, సంతోషం.

నీ ప్రశ్నలకు వస్తాను. వేళకే తింటున్నాం. డాబా మీద ట్యాంకు కడిగించలేదు, కడిగిస్తాను. "నీ ఉత్తరాల కింద మీ నాన్న ఒక్క ముక్కయినా రాయడం మానేశారేం, నా మీద కోపమా?" అనడిగావు. దాని జవాబు చివర్న. ముందు బ్యాటరీ సంగతి విను.

సెలూన్ మూసేశాక నాన్న పాత వ్యాన్‌లో కుర్చీ, అద్దం బిగించి, బయటికి రాలేని వాళ్ళ గుమ్మాల ముందుకే వెళ్ళి జుట్టు కత్తిరిస్తున్నారు కదా. లైటు, ఫ్యాను, కటింగ్ మిషను, అన్నీ ఇంజన్ స్టార్ట్ చేసే బ్యాటరీ మీదే బతికేవి. "రెండోది పెట్టాలిరా. నెమ్మదిగా రోజంతా ఇచ్చేది. డీప్ సైకిల్ అంటారట" అని నాన్న ఒకటే పోరు. నేను డిగ్రీ చదివినవాణ్ణి కనుక కొట్టుకెళ్ళి డబ్బా మీది అంకెలు మాత్రమే చూశాను. యజమానురాలు అడిగింది కూడా:

"బండి స్టార్ట్ చేయడానికా బాబూ, బండిలో పని నడపడానికా?"

"ఏనుగునైనా లేపేది ఇవ్వండి మేడమ్. ఏనుగు లేచాక పనెంత!"

ఇచ్చింది. బిగించాను. నా తెలివికి నేనే మురిసిపోయాను.

అమ్మా, స్టార్ట్ చేసే బ్యాటరీ అచ్చం నాలాంటిది. క్షణంపాటు వీరావేశం, ఆ వెంటనే ఎవరో ఒకరు నింపాలి. ఇంజన్ ఆపేసి గంటల తరబడి పని చెయ్యమంటే లోపల్లోపలే పాడైపోతుంది. డీప్ సైకిల్ నీలాంటిది. పెద్ద ఊపేమీ ఉండదు. పొద్దస్తమానం కొంచెం కొంచెంగా ఇచ్చి, చాలావరకు ఖాళీ అయిపోయి, మళ్ళీ నింపుకుని మర్నాటికి సిద్ధం. ఈ జ్ఞానోదయం నాకు కొన్నాక అయింది.

ఎలాగంటే, పక్కవీధి రిటైర్డ్ జడ్జిగారిని చక్రాల కుర్చీతో సహా వ్యాన్‌లోకి ఎక్కించాం. కుడి సగం పూర్తయింది. మిషను మూలిగింది, ఆగింది. ఇంజన్ వేసి చూశాను, నా కొత్త బ్యాటరీలో ఉలుకూ పలుకూ లేదు; పాత బ్యాటరీ నుంచి మిషను వైర్లు నేనే ఊడబెరికేశానాయె. ఇంట్లోంచి వైరు లాగుదామంటే ఆ పూట వీధంతా కరెంటు లేదు. జడ్జిగారు అద్దంలో చూసుకున్నారు.

"ఏమయ్యా, మిగతా సగానికి వాయిదా వేస్తారా?"

"లేదండీ, ఇవాళే తీర్పు" అని నాన్నకి కత్తెర అందించాను.

పట్టుకున్నారు. నాన్న చేతిలో కత్తెర పాట పాడినట్టుండేది, గుర్తుందా? ఆ రోజు జడ్జిగారి చెవి పక్కన అది వణికింది. నాన్న చెయ్యి దించేశారు. కత్తెర నా చేతిలో పెట్టి, "నువ్వు కానివ్వరా, ఎండకి కళ్ళు తిరుగుతున్నాయి" అన్నారు. మేము నీడలో ఉన్నాం.

ఎలాగో ముగించాను. "అప్పీలుకి వెళ్ళొచ్చు గానీ, పోనీలే" అన్నారు జడ్జిగారు. నాన్న నవ్వలేదు.

అప్పుడర్థమైంది. మిషను ముందు బిగించే దువ్వెన తలకి ఆనుకుని ఉంటుంది, చెయ్యి కాస్త వణికినా జుట్టు తేడా రాదు. రోజంతా ఆగని బ్యాటరీ కోసం నాన్న అంత పోరింది అందుకు. నేనేమో ఏనుగుని లేపేది తెచ్చాను.

ఇంటికొస్తూ అడిగాను, "ఎప్పట్నుంచి నాన్నా?"

"మీ అమ్మ వెళ్ళిన కొత్తల్లో. రాయకు. సెలవు పెట్టి దిగిపోతుంది."

"దిగితే?"

"డాక్టరు దగ్గరికి లాక్కెళ్తుంది. ఆయన కత్తెర పట్టొద్దంటాడు."



మర్నాడే అసలైన డీప్ సైకిల్ తెచ్చి బిగించాను. మిషను సాయంత్రం దాకా ఆగడం లేదు. చెవుల చుట్టూ కత్తెర పని మాత్రం నాది. నాన్న పక్కనే నిలబడి "గడ్డి కోస్తున్నావా, తల అది!" అని తిడుతున్నారు. తిట్లలో వణుకేమీ లేదు, కంగారు పడకు.

ఈ ఉత్తరం మొదలుపెడుతూ నీ ప్రశ్న ఆయనకి చదివి వినిపించాను. "కోపం అనుకుందా?" అన్నారు. "రాసెయ్ రా అంతా. రాసి, పెన్ను ఇలా ఇవ్వు."

కాబట్టి సెలవు పెట్టమ్మా. ఆసుపత్రికి నేను రమ్మంటే మొరాయిస్తారు. నువ్వు పద అంటే చెప్పులేసుకుంటారు.

ఇట్లు,
వీరావేశం అయిపోయి, నింపేవాళ్ళ కోసం చూస్తున్న
నీ కొడుకు

తా.క. కిందివి నా రాత కాదు, పిల్లి పనీ కాదు. నాలుగు మాటలకి రెండు కాగితాలు చింపి, ఇది ఉండనిచ్చారు. నెమ్మదిగా చదువు.

కోపం లేదు. నువ్వు రా.