జూక్‌బాక్స్‌కు కొత్త స్పీకర్లు

జహీరాబాద్, గురువారం

చి. శ్వేతకు దీవెనలు.

మన హోటల్లోని పాత జూక్‌బాక్స్ గొంతు పడిపోయిందని మీ తాత ఏడాదిగా అంటున్నారు. నిన్న మెకానిక్ అస్లం అరిగిన స్పీకర్లు తీసి కొత్తవి బిగించాడు. పాట మొదలుకాగానే రోడ్డు మీది లారీ డ్రైవర్లు తిరిగి చూశారు. నేను చెవులు మూసుకున్నాను.

"కొత్తవి ఏసినా గంతే ఉన్నది గదరా!" అన్నారు తాత.

"సేట్‌కు వినొస్తలేదమ్మా," అన్నాడు అస్లం, ఆయన పక్కనే నిలబడి. తాత తల తిప్పలేదు.

మీ అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? నా కళ్ళద్దాల పెట్టె నీ సంచిలో వెళ్ళిపోయింది, పంపించు. తాతకు ఇక ఫోన్ చేయకు. కార్డు రాయి, అక్షరాలు పెద్దవిగా ఉండాలి. ఎందుకో ఆయనకింకా తెలియదు. ఈ సాయంత్రం హోటల్లో టిఫిన్ల పేర్లు రాసే పలక తుడిచి, దాని మీద ఆ సంగతి రాసి చూపిస్తాను.

నీ అవ్వ,
సావిత్రమ్మ